వెంకటరావమ్మ వసారాలో మిరపకాయలు

పర్చూరు చుట్టుపక్కల మిరపకోతకు మనుషులు కావాలంటే ఆ రోజుల్లో రైతులు ముందు వెంకటరావమ్మ గడపే తొక్కేవాళ్ళు. చలి ముదిరి కాయ ఎర్రబడే వేళకు, తెల్లారేసరికే ఎవరో ఒక ఆసామి ఆమె వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉండేవాడు. ఆమె మాత్రం వాకిలి చిమ్మడం, కల్లాపి చల్లడం అయ్యేదాకా అతని వంక చూసేది కాదు. చూశాక బేరం తొందరగానే తెగేది. ట్రాక్టరు వీధి మొదట్లో ఆగితే కుదరదు, తన వాకిట్లోకే రావాలి. ట్రక్కులో గడ్డి పరచాలి. పూటకోసారి టీ పోయాలి. నీళ్ళ క్యాను నీడన పెట్టాలి. టీ ఎగ్గొట్టిన ఆసామి మరుసటేడు ఎంత బతిమాలినా ఆమె ముఠా ఆ చేలో దిగేది కాదు.

ముఠా అంటే పాతికమంది ఆడవాళ్ళు. వానల్లో కలుపు, ఆ తర్వాత పత్తితీత, మిరపకోత, ఎండలు ముదిరాక కళ్ళాల్లో తొడిమలు తీయడం, రంగు పోయిన తాలుకాయ ఏరడం. ఏడాదిలో సగంపైన రోజులు ఇంట్లోవాళ్ళ మొహాలకంటే ఒకరి మొహాలొకరు ఎక్కువ చూసుకునేవాళ్ళు. ఆ పాతికమందికీ వెంకటరావమ్మే మేస్త్రి. మనిషి పొడగరి, నల్లగా నిగనిగలాడేది. గొంతెత్తితే పక్క చేలో ఎద్దులు కూడా తలెత్తి చూసేవి. ఆమెకు పుట్టిన పిల్లలిద్దరూ పురిట్లోనే పోయారు. భర్త బాపయ్య రెండెకరాల పత్తి కౌలుకు చేసుకునే మెత్తటి మనిషి. పదిమాటలు ఆమె మాట్లాడితే ఒక మాట ఆయన మాట్లాడేవాడు, అదీ ఆమె అడిగితే.

నసీమున్నీసాకు ఆమె మొదటిసారి కనిపించింది ట్రాక్టరు ట్రక్కు మీదనుంచి చెయ్యి చాచిన మనిషిగా. నసీమున్నీసా కొత్త కోడలు. పరుపులు కుట్టే పీరును పెళ్ళాడి చీరాల నుంచి ఆ ఊరు వచ్చింది. పొలం పని ఎరగదు. ట్రక్కు ఎక్కడం చేతకాక కింద నిలబడిపోతే, వెంకటరావమ్మ ఒంటిచేత్తో పైకి లాగి తన పక్కన కూలేసింది. ఆ మధ్యాహ్నం నసీమున్నీసా మరచిపోయి మిరపకాయ చేత్తో కన్ను తుడుచుకుంది. చేనంతా వినబడేలా గోల పెట్టింది. మిగిలినవాళ్ళు నవ్వుతుంటే వెంకటరావమ్మ నీళ్ళతో ఆ కన్ను కడిగి, తన క్యారేజీలోని మజ్జిగ మొత్తం ఆ చేతుల మీద పోసి, కొబ్బరినూనె రాసి, మంట తగ్గేదాకా తన సాలు, ఆ పిల్ల సాలు రెండూ తానే కోసింది. ఆ పూట అన్నంలోకి ఆమెకు మజ్జిగ లేకపోయింది. అప్పటినుంచి నసీమున్నీసా ఆమెను అక్కా అని పిలిచేది. బాపయ్యను బావా అనేది.

పత్తికి పచ్చపురుగు తగిలి చేలన్నీ నాశనమైన ఏడు, తొంభైఎనిమిదిలో, ఆ మైదానంలో చాలా ఇళ్ళలో మగవాళ్ళు పురుగుమందుకు పోయారు. వాళ్ళ ఊళ్ళోనూ ఒక కౌలురైతు పోయాడు. ముఠా అంతా ఆ ఇంటికి వెళ్ళింది. అందరూ ఏడుస్తుంటే వెంకటరావమ్మ ఏడవలేదు, మండిపడింది. పోయినవాడికేం, పోయాడు, ఈ పిల్ల సంగతి ఆలోచించాడా అని ఆ పాడె ముందే అంది. తర్వాత అతని భార్య అయిన ఆ పిల్లను పదిరోజులు కాకముందే ముఠాలో చేర్చుకుని, సాలులో తన పక్కనే నిలబెట్టుకుని, రోజంతా ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండేది. ఇది ఊరందరికీ గుర్తు. అందుకే తర్వాత ఎనిమిదేళ్ళకు వెంకటరావమ్మ విషయంలో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

రెండువేల ఆరులో వానలు పడే కాలానికి ఆమెకు నెలసరి మైల మళ్ళీ కనబడసాగింది. ఆగిపోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్ళు తాగింది. పత్తితీతకు వస్తూనే ఉంది గానీ నడుముకు కట్టుకున్న ఒడి బరువెక్కకముందే గట్టు మీద కూలబడేది. నసీమున్నీసా పోరగా పోరగా గుంటూరు వెళ్ళారు. గర్భసంచి ముఖం దగ్గర క్యాన్సరు అన్నారు. కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్. కరెంటు పెట్టించుకున్నన్ని వారాలూ ఆసుపత్రి వరండాలో నసీమున్నీసా, బాపయ్య వంతులేసుకుని పడుకున్నారు. కానీ జబ్బు అప్పటికే పక్కలకు పాకింది. మిరప ఎర్రబడే వేళకు డాక్టరు బాపయ్యను పక్కకు పిలిచి, ఇక ఆమెను తిప్పి బాధపెట్టవద్దు, నొప్పి తెలియకుండా ఇంటి దగ్గరే చూసుకునే మనుషులు వస్తారు అని చెప్పి పంపేశాడు.

అలా వచ్చేవాళ్ళు ఒక మిషన్ ఆసుపత్రివాళ్ళు. వారానికోసారి జీపు వచ్చేది. అందులో సంతోషకుమారి అనే నర్సు ఉండేది. నలభై దాటిన మనిషి, తెల్లచీర, భుజాన సంచీ. వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుని, ముందు చేయి పట్టుకుని, ఆ తర్వాతే మందుల సంచీ విప్పేది.

వెంకటరావమ్మను నొప్పికంటే వాసన ఎక్కువ కుంగదీసింది. ఎన్ని గుడ్డలు మార్చినా పోని వాసన అది. ముఠాలో ఆడవాళ్ళు చూడ్డానికి వస్తే గుమ్మంలోనుంచే పంపేసేది. వసారాలో పడుకోవడం మానేసి వెనక గదిలోకి మారింది. బాపయ్యను కూడా వాకిట్లో పడుకోమంది. ఒక్క నసీమున్నీసాను మాత్రం లోపలికి రానిచ్చేది. గుడ్డలు ఉతికేది, తల దువ్వేది ఆమే కాబట్టి.

ఆ నెలలోనే వెంకటరావమ్మ ఒక్కొక్కటీ పంచడం మొదలుపెట్టింది. ఇత్తడి బిందె ఎదురింటావిడకు ఇచ్చింది. రెండు కొత్త చీరలు అప్పట్లో పోయిన ఆ కౌలురైతు భార్యకు ఇచ్చింది. ముఠాను నసీమున్నీసాకు అప్పజెప్పింది. ఏ ఆసామితో ఎలా మాట్లాడాలో, సాలులో ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టకూడదో ఒక పొద్దంతా చెప్పింది. ఎంత నిబ్బరం తల్లీ, అంతా సర్దుకుంటోంది అని ఊరు మెచ్చుకుంది. నసీమున్నీసా కూడా అలాగే అనుకుంది. కానీ అక్క మొహం కొన్నాళ్ళుగా తేటగా, మరీ ప్రశాంతంగా ఉండడం మాత్రం ఆమెకు నచ్చలేదు. నొప్పితో విలవిల్లాడే మనిషి మొహం అలా ఎందుకుంటుందో అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం, బాపయ్య చేలోకి వెళ్ళాడు, నసీమున్నీసా వెనక కూర్చుని తలకు నూనె రాస్తోంది. వెంకటరావమ్మ గోడవైపు చూస్తూ మామూలు మాటలా అంది.

"అటక మీద పత్తిమందు డబ్బా ఉండాలే. నేను ఎక్కలేను. కాస్త దించి ఈ మంచం కింద పెట్టి పో."

నసీమున్నీసాకు ఎందుకో అర్థమైంది. అడగాల్సిన పనిలేదు. నూనెగిన్నె కింద పెట్టింది.

"ఎందుకక్కా ఇట్టాంటి మాట," అంది.

"నా వల్ల కావట్లేదే. ఆయన రాత్రంతా వాకిట్లో కూర్చుని ఏడుస్తన్నాడు, నాకు తెలియదనుకుంటున్నాడు. నువ్వు నీ ఇల్లొదిలేసి నా గుడ్డలు ఉతుకుతన్నావు. ఇంకా ముందుముందు ఎట్టా ఉంటదో ఎవరూ చెప్పరు. నువ్వు నా మనిషివి కాబట్టి అడిగాను. ఎవరికీ చెప్పమాక."

నసీమున్నీసా సరేననలేదు, కాదనలేదు. బావ వచ్చేదాకా ఆ గదిలోంచి కదల్లేదు. ఆయన వచ్చాక చెప్పులు కూడా వేసుకోకుండా బడి పక్కన కిరాణాకొట్టుకు వెళ్ళింది. అక్కడ ఒక టెలిఫోను ఉండేది. సంతోషకుమారి ఇచ్చిన నంబరు పీరు చేత ఇంటి గోడ మీద బొగ్గుతో రాయించుకుంది కానీ, ఆ సరికి అది నోటికే వచ్చేసింది. కొట్టువాడు వింటున్నాడని, అక్కకు బాగోలేదు, రేపే రండమ్మా, వారం దాకా ఆగకండి అని మాత్రం అంది. సంతోషకుమారి ఒక్కటే అడిగింది, ఈ రాత్రికి ఆమె పక్కన ఎవరుంటారు అని. నేనే అంది నసీమున్నీసా. ఆ రాత్రి మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది. గుడ్డలు ఎక్కువ మార్చాల్సి వస్తోందని సాకు చెప్పింది. అటక మీద డబ్బాను అంతకుముందే బావ చేత బయటికి చేర్పించింది, పిల్లి తన్నేస్తుందని చెప్పి.

మర్నాడు జీపు ఊరి మొదట్లోనే ఆగింది. నసీమున్నీసా అక్కడే కాచుకుని ఉండి సంగతంతా చెప్పింది. ఆ మాట మీరు మళ్ళీ ఎత్తితే ఆమెకు ఆ ఆలోచన ఇంకా గట్టిపడుతుందేమో అని భయపడింది. అట్లా ఏం జరగదమ్మా, ఎవరూ అడక్కపోతేనే అది లోపల పెరుగుతుంది, మీరు ఫోను చేసి మంచిపని చేశారు అంది సంతోషకుమారి.

గదిలోకి వెళ్ళి ఎప్పటిలాగే పీట వేసుకుని కూర్చుంది. చేయి పట్టుకుంది. మాట చుట్టూ తిప్పలేదు.

"వెంకటరావమ్మగారూ, చచ్చిపోవాలనిపిస్తోందా?"

వెంకటరావమ్మ ముందు నర్సు వంక, తర్వాత గుమ్మంలో నిలబడ్డ నసీమున్నీసా వంక చూసింది. ఆ చూపు నసీమున్నీసా ఎన్నటికీ మరచిపోలేదు. తర్వాత తల తిప్పుకుని, అనిపిస్తోందమ్మా, రోజూ అనిపిస్తోంది అని చెప్పింది. చెప్పాక ఏడ్చింది. రోగం పేరు తెలిసినప్పుడు కూడా ఏడవని మనిషి.

సంతోషకుమారి ఓదార్చడానికి తొందరపడలేదు. ఏడుపు ఆగాక ఒక్కొక్కటీ అడిగింది. నొప్పి సంగతి అడిగితే తేలిందేమంటే, ఇచ్చిన మార్ఫిన్ మాత్రలు వేళకు వేసుకోవడం లేదు. అవి వేసుకుంటే పిచ్చెక్కుతుందని, ఆఖరిదశలో ఉన్నవాళ్ళకే ఇస్తారని ఎవరో చెప్పారు. పళ్ళ బిగువున ఓర్చుకుని, ఇక తట్టుకోలేనప్పుడు ఒకటి మింగుతోంది. అది పనిచేసేలోపే ప్రాణం పోయినంత పనవుతోంది. నొప్పి వచ్చాక కాదు, రాకముందే వేళకు వేసుకోవాలని, పిచ్చి ఎక్కదని నర్సు నెమ్మదిగా చెప్పింది. వాసనకు వేరే మందు ఉంది, కట్టు మార్చేటప్పుడు వాడాలి, వారంలో తేడా తెలుస్తుంది అంది. ఇన్నాళ్ళూ సిగ్గుపడి ఆ వాసన మాట వెంకటరావమ్మ ఆమెతో అననే లేదు.

చివరికి వెంకటరావమ్మ తనకు ఏం జరగబోతోందో అడిగింది. అరుస్తూ పోతానా అంది. సంతోషకుమారి దాచలేదు. జబ్బు తగ్గదని చెప్పింది. మెల్లగా నీరసం పెరుగుతుంది, నిద్ర ఎక్కువవుతుంది, నొప్పి మాత్రం మా చేతిలో ఉంటుంది, అరుస్తూ పోనివ్వం అని చెప్పింది. ఆ ఆలోచన మళ్ళీ వస్తే ఒక్కరే ఉండకుండా ఎవరితోనైనా అంటారా అని మాట తీసుకుంది.

వెళ్ళేముందు బాపయ్యను పెరట్లోకి పిలిచి, ఇంట్లో, పశువుల పాకలో ఉన్న మందులన్నీ చేర్చి ఊరవతల ఒక ఆసామి కొట్లో పెట్టి తాళం వేయించమంది. ఆయనకు అప్పుడు అర్థమైంది. ఆయన అడిగింది ఇదొక్కటే, "నేను లోపల పడుకోవచ్చాండీ?" అని. పడుకోండి, అదే మంచిది అంది నర్సు. ఆ పూటే బాపయ్య తన నులకమంచం వాకిట్లోంచి వెనక గదిలోకి మోసుకొచ్చాడు. వెంకటరావమ్మ వద్దనలేదు.

కానీ నసీమున్నీసాతో మాటలు మానేసింది. తల దువ్వించుకుంది, గుడ్డలు మార్చనిచ్చింది, గంజి తాగింది. మాట మాత్రం లేదు. ఏదైనా కావాలంటే గోడతో చెప్పినట్టు చెప్పేది. నా మనిషివనుకున్నాను అని ఒకే ఒక్కసారి అంది, ఆ తర్వాత అదీ లేదు. నసీమున్నీసా బయటికొచ్చి బావి గట్టున కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. పీరు ఒకరోజు పరుపుల పని మానుకుని ఆమెతోపాటు వచ్చి, వాకిట్లో ఊరికే కూర్చుని వెళ్ళాడు. మాట బయటపెట్టినందుకు కోపం వస్తే వచ్చిందిలే, మనిషి ప్రాణంతో ఉంది గదా అన్నాడు దారిలో.

అప్పటికి కళ్ళాల్లో కాయ ఎండింది. ముఠా పని పీకలమీదకొచ్చింది. కొత్త మేస్త్రి నసీమున్నీసా అటు కళ్ళం దగ్గరా ఉండాలి, ఇటు అక్క దగ్గరా ఉండాలి. చివరికి ఆసామిని ఒప్పించి, నాలుగు గోతాల కాయ వెంకటరావమ్మ ఇంటికే దింపించింది. వసారాలో గోనెపట్టాల పరదా పరచి కాయ గుమ్మరించి, నలుగురైదుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని తొడిమలు తీయడానికి కూర్చుంది. జబ్బుమనిషి ఉన్న ఇంట్లో మిరపకాయలేంటని ఎదురింటావిడ గొణిగింది.

ఘాటు ఇల్లంతా నిండింది. వెనక గదిలోనుంచి ఒక తుమ్ము వినబడింది. తర్వాత ఇంకోటి. తర్వాత బాపయ్యను పిలవడం వినబడింది. ఆయన ఆమెను పొదివి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చి, స్తంభానికి దిండు ఆనించి కూర్చోబెట్టాడు. అందరూ చేతులాపి చూశారు. ఎన్నో వారాల తర్వాత ఆమె వసారాలోకి వచ్చింది. కాసేపు ఊపిరి పీల్చుకుని, కౌలురైతు భార్య చేతిలో కాయ వైపు చూపించింది.

"అట్టా లాగితే గింజ రాలదటే? తొడిమతోపాటు కాయ తల కూడా తెంచుతన్నావు. నసీమూ, నువ్వు మేస్త్రివై ఏం చూస్తన్నావే?"

నసీమూ అన్న ఆ పిలుపు విన్నాక నసీమున్నీసా కళ్ళు నీళ్ళతో నిండాయి. మిరప ఘాటని అందరూ అనుకున్నారు. ఆమె లేచి వెళ్ళి అక్క పక్కన కూర్చుంది.

వెంకటరావమ్మ గుండెలనిండా గాలి పీల్చింది. కర్పూరం, సాంబ్రాణి, ఆసుపత్రి మందు ఏదీ చేయని పని ఇది చేసిందే అంది. ఈ ఘాటులో నా వాసన ఎవరికీ తెలియదు, ఉండనీయండి అంది. ఎవరో నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆ ఎండాకాలమంతా ఆ వసారా మీద కాయ ఉంది. రోజుకు కొందరు వంతులేసుకుని వచ్చేవాళ్ళు. మందు వేళకు పడడంతో ఆమెకు రాత్రి నిద్ర పట్టేది. వాసన కూడా సగం తగ్గింది. పగలు కాసేపు కూర్చుని, కాసేపు పడుకుని, పాత సంగతులన్నీ తవ్వి తీసేది. కళ్ళంలో కాయ ఆరబోసి ఉండగా ఉరుములేని వాన ముంచుకొస్తే, అన్నాలు వదిలేసి పరదాలు పట్టుకుని పరుగెత్తిన సంగతి. టీలో పాలు పోయని ఆసామి చేతే ఆ టీ తాగించిన సంగతి. సగం మాటలు ఆమె చెబితే మిగతా సగం వాళ్ళు అందుకునేవాళ్ళు. సంతోషకుమారి వచ్చిన రోజున ఆమె కూడా చెప్పులు విడిచి పరదా మీద కూర్చుని నాలుగు కాయలు తీసేది. తీయడం ఆమెకు చేతకాదని అందరూ ఆట పట్టించేవాళ్ళు.

అంతా తేలిపోయిందని కాదు. ఒక ఉదయం వెంకటరావమ్మ మొహం మళ్ళీ అలా తేటగా, దూరంగా కనిపించింది. కానీ ఈసారి అక్కే నోరు విప్పింది.

"ఈ పూట మళ్ళీ ఆ ఆలోచన వచ్చిందే. చెప్పమంది గదా సిస్టరమ్మ, చెబుతన్నా. ఏం చేయక్కర్లా. ఇట్టా కూర్చో."

నసీమున్నీసా కూర్చుంది. కళ్ళానికి వెళ్ళాల్సిన ట్రాక్టరు వాకిట్లో హారను కొడుతున్నా లేవలేదు. ఎంతోసేపటికి వెంకటరావమ్మ, ఇక పో, ఆసామి తిడతాడు అంది. అలాంటి పూటలు ఆ తర్వాత మరో రెండు మూడు వచ్చాయి. అన్నీ అలాగే గడిచాయి. ఒకసారి నసీమున్నీసా అడిగింది, అప్పుడు నేను చెప్పినందుకు ఇంకా కోపముందా అక్కా అని. ఉందే, పూర్తిగా పోలా, కానీ మళ్ళీ అట్టాంటిది జరిగితే మళ్ళీ చెప్పు అంది వెంకటరావమ్మ.

తొలకరి పడ్డ వారంలో ఆమె పోయింది. మూడురోజులు దాదాపు నిద్రలోనే ఉంది. బాపయ్య నులకమంచం ఆమె మంచానికి ఆనించి ఉంది. అరవలేదు. మధ్యాహ్నం పూట ఊపిరి నెమ్మదిగా ఆగింది. సంతోషకుమారికి కబురు వెళ్ళింది, దహనం అయ్యాక వచ్చింది. వసారాలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఎక్కువేమీ మాట్లాడకుండా, బాపయ్య వేళకు అన్నం తింటున్నాడో లేదో చూడమని నసీమున్నీసాకు చెప్పి వెళ్ళింది. నసీమున్నీసా చాన్నాళ్ళు ఆయనకు కూర పంపింది.

ఆ తర్వాత ఆ చేలల్లో చాలా మారాయి. కొందరు మిరప మానేసి శనగ వేశారు. ముఠాలు ఆటోల్లో వెళ్ళడం మొదలుపెట్టాయి, ట్రక్కులో గడ్డి పరవమని అడిగేవాళ్ళు లేరు. వెంకటరావమ్మ పేరు ఎత్తితే ఊళ్ళో చాలామందికి ఆ జబ్బే గుర్తొచ్చేది, పాపం ఎంత బాధపడిందో అనేవాళ్ళు. నసీమున్నీసాకు మాత్రం వేరే సాయంత్రం గుర్తొచ్చేది.

మిరపకోత రోజులు. దారిలో వాన పడి ట్రాక్టరు నల్లరేగడిలో కూరుకుపోయింది. పాతికమంది దిగి నడిచారు. అడుగడుగుకూ బంకమట్టి కాళ్ళకు పలకలుగా అంటుకుని, చెప్పులు చేతికొచ్చాయి. చీకటి పడబోతోంది, ఇళ్ళల్లో మగవాళ్ళు తిడతారని అందరికీ భయం. వెంకటరావమ్మ మాత్రం ముందు నడుస్తూ, పర్చూరు సెంటర్లో బజ్జీల బండి కనబడగానే ఆగిపోయింది. తడిసి ముద్దయిన ఆ గుంపునంతా బండి చుట్టూ నిలబెట్టి, మూకుడులో ఉన్నవన్నీ తమకే కావాలంది. పొద్దంతా మిరపకాయలతో చచ్చింది చాలక మళ్ళీ మిరపకాయ బజ్జీలేనా అని ఎవరో అన్నారు. అందరూ విరగబడి నవ్వారు. బండివాడు కూడా నవ్వాడు. ఉల్లిపాయ ముక్కలు నింపిన వేడి బజ్జీ ఒకటి వెంకటరావమ్మ ఊదుకుంటూ సగం విరిచి, పెద్ద ముక్క నసీమున్నీసా చేతిలో పెట్టింది. వాన ఇంకా సన్నగా పడుతూనే ఉంది. ఇళ్ళకు పోదామని ఎవరూ అనలేదు.